నీళ్ళగిన్నె పాట

చిలకలపూడి కోదండాచారిగారి ఇంట్లో మగపిల్లవాణ్ణి కుంపటి ముందు కూర్చోబెట్టే ముందు ఒక పరీక్ష పెట్టేవారు. వెడల్పాటి ఇత్తడి గిన్నెలో అంచుదాకా నీళ్ళు పోసి, వాడి అరచేతిలో పెట్టి, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా నడవమనేవారు. నీళ్ళు తొణకకపోతే పనివాడు. తొణికితే మరో ఏడాది బడికి పోవాల్సిందే. బడికి పోవడాన్ని శిక్షగా వేసిన ఇల్లు బందరు మొత్తానికి అదొక్కటే అయివుంటుంది.

వాళ్ళు చేసేది రోల్డ్‌గోల్డు నగలు. రాగి తీగ మీద పల్చటి బంగారు రేకు తొడిగి, గొలుసు కొక్కేనికి కొక్కెం తగిలించి, ఊదుగొట్టంతో మంటను సూదిమొనలా చేసి అతుకు పెడతారు. ఆ అతుకు ఎక్కడుందో మెళ్ళో వేసుకున్న మనిషికి కూడా తెలియకూడదు. చెయ్యి పిసరంత కదిలినా రేకు చిరిగి రాగి పళ్ళికిలిస్తుంది. అందుకే ఆ ఇంట్లో చెయ్యే ఆస్తి, చెయ్యే పరువు. కోదండాచారిగారి ఒక్కగానొక్క కొడుకు మౌళి ఆ గిన్నెను చిన్నప్పుడే మోశాడు. మోస్తూ మోస్తూ దారిలో పిల్లి అడ్డొస్తే దాన్ని దాటుకుని మరీ వెళ్ళాడట. ఆ కథ అతని తల్లి ఆదిలక్ష్మమ్మ చెప్పినన్నిసార్లు పిల్లి సైజు పెరుగుతూ వచ్చింది.

అతని భార్య హైమది గుడివాడ. చదువు కంప్యూటర్లు, ఉద్యోగం శబ్దాలు. హైదరాబాదులో గేములు చేసే కంపెనీకి మేడమీది గదిలో కూర్చునే పనిచేసేది. తుపాకీ మోతలు, గుర్రపు డెక్కలు, రాక్షసులు చచ్చేటప్పుడు పెట్టే కేకలు, అన్నీ ఆమె వండి పంపేది. "మా కోడలు పొద్దస్తమానం రాక్షసుల్ని చంపుతూనే ఉంటుందమ్మా, పాపం అన్నానిక్కూడా కిందికి దిగదు" అని అత్తగారు ఇరుగుపొరుగులతో చెప్పుకునేది. ఆ మాటలో దెప్పు ఎంతో, గొప్ప ఎంతో హైమ ఎప్పుడూ తేల్చుకోలేకపోయింది.

ఒక ఆదివారం మౌళి తమాషాకి ఆ ఇత్తడి గిన్నె దించి కూతురు ధాత్రి అరచేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల చేతిలో గిన్నె పెట్టడం అదే మొదలు. ధాత్రికి పన్నెండో ఏడు నడుస్తోంది. నాలుగడుగులు బుద్ధిగా వేసింది, అయిదో అడుగులో తనకే నవ్వొచ్చి నీళ్ళన్నీ గౌను మీద పోసుకుంది. తండ్రీ కూతుళ్ళు నవ్వుతుంటే హైమ మాత్రం గిన్నెలో మిగిలిన నీళ్ళకేసే చూస్తూ నిలబడిపోయింది. చేతిలో ఉన్నదేదో నీళ్ళు చెబుతున్నాయి. ఆ నీళ్ళకి గొంతుంటే?

అలా పుట్టింది 'నీళ్ళగిన్నె' ఆట. ఫోనును అరచేతిలో వెల్లకిలా పెట్టుకోవాలి. ఎదురుగా టీవీలో ఇత్తడి గిన్నె, నిండా నీళ్ళు, నీళ్ళ మీద ఆకు పడవ, పడవలో చిన్న దీపం. చెయ్యి ఎటు వంగితే నీళ్ళు అటు. దీపం ఆరకుండా పడవను ఈ అంచు నుంచి ఆ అంచుకి చేర్చాలి. ఆట అంతే. గొప్పంతా శబ్దంలో ఉంది.

"ఇందులో పాటేదీ?" అన్నాడు మౌళి మొదటిసారి చూసి.

"పాట పెట్టలేదండీ. మీ చెయ్యే పాడాలి."

"చెయ్యి పాడటమేమిటి?"

"ఎంత నిలకడైన చెయ్యయినా లోపల సన్నగా వణుకుతూనే ఉంటుంది. కంటికి కనపడదు, ఫోనుకి తెలుస్తుంది. ఆ వణుకుని పట్టుకుని, ఈ ప్రోగ్రాము అప్పటికప్పుడు శబ్దం అల్లుకుంటూ పోతుంది. ఏ చేతి పాట దానిదే. ఒకసారి వచ్చింది మళ్ళీ రాదు."

మౌళి మొహం ఎర్రబడింది. "వణుకా? నా చెయ్యా?"

"అయ్యో, అందరి చేతులూనండీ! బతికున్న చెయ్యి కాబట్టి వణుకుతుంది."

"అందరివీ వణికితే వణకనీ" అని అతను విసవిసా కుంపటి దగ్గరికి వెళ్ళిపోయాడు. కాసేపటికి తనే తిరిగొచ్చి, ఎవరూ పిలవకపోయినా, ఫోను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఏ వాద్యానికైనా శ్రుతి ఒకటి కావాలి. ఏది మంచి చెయ్యో ప్రోగ్రాముకి ముందుగా చూపించాలి. దాన్నిబట్టే అది మిగతా చేతుల్ని కొలుస్తుంది. కంపెనీలో అయితే ఎక్కడెక్కడి మనుషులనో పిలిచి, వాళ్ళందరి చేతులూ కొలిచి, సగటు కట్టేవారు. హైమకి ఆ పద్ధతి తెలియక కాదు. కాని కోదండాచారిగారి ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే. చెయ్యి అంటే మౌళి చెయ్యి. ఆమె మొగుడి అరచేతిని కొన్నాళ్ళపాటు పొద్దున్నా సాయంత్రం కొలిచి, దాన్నే కొలత మొదలయ్యే సున్నాగా పెట్టింది. అంత ఇష్టంగా చేసిన పని ఆమె ఉద్యోగంలో మరొకటి లేదు.

ఆ సున్నా మీద ఆట పాడటం మొదలుపెట్టింది. హైమ చేతిలో తడివేలితో గాజు గ్లాసు అంచు రుద్దినట్టు సన్నగా, కాస్త గరుగ్గా పాడింది. ఆదిలక్ష్మమ్మ చేతిలో గుయ్యిమంది. మౌళి చేతిలోకి రాగానే మాత్రం శబ్దం ఒక్కసారిగా నునుపు తేలి, ఉన్నట్టుండి చిన్నగా జారి, మళ్ళీ తనను తాను పట్టుకుని పైకి లేచింది. మళ్ళీ కాసేపటికి జారి, లేచింది. ఉయ్యాల వెనక్కి వెళ్ళి ఒక్క క్షణం ఆగుతుందే, అలాగ. హైమ తెర మీద గీతలు చూసింది. అందరి వణుకూ మరిగే ఎసరులా ఎడతెగకుండా ఉంటే, మౌళిది మధ్యమధ్యలో రెప్పపాటు ఆగుతోంది. ఆ ఖాళీలోకి ప్రోగ్రాము శబ్దాన్ని ఒంపుతోంది.

"అందుకేనేమో మీరంత సన్నటి అతుకు పెడతారు. చెయ్యి ఆగినప్పుడు పెడతారన్నమాట" అంది ఆమె.

మౌళి ఆ మాటకి పొంగిపోయాడు. వచ్చిన బేరగాడికల్లా చెప్పుకున్నాడు కూడా.

ధాత్రి ఆ శబ్దానికి 'తూగు' అని పేరు పెట్టింది. తరవాత తన వంతు వచ్చినప్పుడు ఫోను అరచేతిలో పెట్టుకుని, నాలుక బయటపెట్టి, కళ్ళు పెద్దవి చేసి పడవను నడిపింది. పడవ సగం దూరం వెళ్ళిందో లేదో తూగు వచ్చింది. సన్నగా, పసిగా, కాని అదే జారడం, అదే లేవడం.

"అచ్చం నాన్న చెయ్యే!" అని హైమ చప్పట్లు కొట్టింది.

మౌళి కూతుర్ని ఎత్తి తిప్పాడు. ఆదిలక్ష్మమ్మ లోపలికి పోయి గుప్పెట నిండా ఉప్పు తెచ్చి మనవరాలి చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. "చూశావుటమ్మాయ్, ఎంత దిష్టో" అంది. ఆ రోజు ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. అంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడూ లేరు కాబట్టి, ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

ఆట జనంలోకి వెళ్ళింది. నచ్చింది. బస్సుల్లో, హాస్టళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో మనుషులు అరచేతులు చాపుకుని కూర్చున్నారు. అందరికీ కావలసింది ఒక్కటే, తూగు. అది ఎవరికో తప్ప రాదు. రాని వాళ్ళు హైమకి కోపంగా రాసేవారు. వచ్చినవాళ్ళు గొప్పగా తమ చేతి పాటను లోకానికంతా వినిపించుకునేవారు. తన మొగుడి చేతిలాంటి చేతులు లోకంలో ఇన్నే ఉన్నాయని హైమ లోలోపల మురిసిపోయేది.

కింద కొట్లో మౌళి అతుకులు ఒకటీ అరా చెడుతున్నాయి. కళ్ళజోడు మార్పించాడు. దీపం మార్పించాడు. ఒకనాడు పట్టకారు జారి కణకణలాడే గొలుసు తొడమీద పడింది. ఆదిలక్ష్మమ్మ వెన్న రాయడానికని వంగి, కొడుకు మూతి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన చూసింది.

"అమ్మా!"

"ఏం చెయ్యమంటావురా? మీ నాన్నకీ ఇలాగే మొదలైంది."

కోదండాచారి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన కూడా ఒకప్పుడు ఆ వీధికి చెయ్యే. నడివయసులో ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. తాగుడు అన్నారు. ఒకరోజు అన్నదమ్ములందరూ కూడి, పనివాళ్ళందరి ముందూ, అదే ఇత్తడి గిన్నె నిండా నీళ్ళు పోసి ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన మొదటి అడుగు వెయ్యకుండానే నీళ్ళు నేలపాలయ్యాయి. ఆ పూట నుంచి కుంపటి ముందు ఆయన పీట తీసేశారు. వీధరుగు మీదే కూర్చుని, అక్కడే తిని, అక్కడే పోయాడు. తండ్రి గుర్తొచ్చి మౌళి జీవితంలో కల్లు చుక్క ముట్టలేదు. దగ్గు మందు కూడా వాసన చూసి తాగే మనిషి.

ఆ రోజుల్లోనే గుంటూరు నుంచి డాక్టర్ ఎస్తేరు గారు వచ్చారు. నరాల డాక్టరు. నెరిసిన జుట్టు, నూలు చీర, నెమ్మదైన మాట. వస్తున్నానని ముందే ఫోను చేస్తే, తన ఆట పెద్ద డాక్టరుకి నచ్చిందని హైమ బందరు హల్వా తెప్పించి పెట్టింది. ఆవిడ ముట్టుకోలేదు.

"మా వార్డులో చేతుల వ్యాయామానికని మీ ఆట పెట్టానమ్మా. నా దగ్గరకొచ్చే వాళ్ళవి రకరకాల వణుకులు. ఎవరికీ ఈ తూగు రాలేదు, ఒక్క జబ్బు వాళ్ళకి తప్ప. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ వచ్చింది."

హైమకి వెంటనే అర్థం కాలేదు. "అలా ఎలాగండీ? అది చాలా మంచి చేతికి గాని..."

"ఒక రోగికి తోడుగా తమ్ముడొచ్చాడు. దుక్కలా ఉన్నాడు. సరదాకి ఆడితే తూగొచ్చింది, అందరం నవ్వుకున్నాం. మొన్న వర్షాకాలంలో అదే జబ్బుతో అతన్నీ చేర్చుకున్నాను." ఆవిడ అడిగారు: "ఈ ఆటకి కొలత ఎవరి చెయ్యమ్మా?"

కాఫీ గ్లాసులు పట్టుకుని అప్పుడే లోపలికొస్తున్న మౌళి ఆ చివరి మాట ఒక్కటే విన్నాడు.

"నాదేనండీ!" అన్నాడు. గ్లాసులు బల్ల మీద పెట్టి, కుడిచెయ్యి గర్వంగా ముందుకి చాపాడు.

ఎస్తేరు గారు ఆ చేతిని రెండు చేతులతో అందుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

గుంటూరులో పరీక్షలయ్యాయి. జబ్బు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంది. మౌళి దాన్ని ఒక్కసారి కూడా పలకలేదు. డాక్టరుగారు చెప్పింది తేలిక మాటల్లోనే: తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. నడివయసులో బయటపడుతుంది. ముందు చెయ్యి, తర్వాత నడక, ఆ తర్వాత మాట, చివరికి మనుషులు గుర్తుండరు. వణుకు తగ్గించడానికి మాత్రలున్నాయి, జబ్బుకి మందు లేదు.

"పిల్లలకి?" అంది హైమ.

"రావచ్చు, రాకపోవచ్చు. బొమ్మా బొరుసూ."

"మా పాపకి రక్తపరీక్ష చెయ్యండి."

"పెద్దయ్యాక తనే వచ్చి అడిగితే చేస్తాం. అమ్మానాన్నా అడిగితే చెయ్యం తల్లీ. ఆ సంగతి తెలుసుకునే హక్కు ఆ పిల్లది. వద్దనుకునే హక్కూ ఆ పిల్లదే."

తిరుగు బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే ధాత్రి పేరు వస్తుందని ఇద్దరికీ భయం. ఆ పిల్ల చేతిలో తూగు వచ్చిందని డాక్టరుగారికి హైమ చెప్పనే లేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పక తప్పలేదు. ఆదిలక్ష్మమ్మ అంతా విన్నది. బియ్యం చేట అలాగే పట్టుకుని గోడకేసి తిరిగింది.

"ముందు చెయ్యే వణికింది" అంది.

"ఏమిటత్తయ్యా?"

"మీ మావయ్యకి. ముందు చెయ్యే వణికింది. గొలుసు జారిపడింది. నేను తిట్టాను. తాగుడు ఆ తర్వాత. గిన్నె పరీక్ష పెట్టి అందరూ నవ్వాక మొదలెట్టాడు తాగడం. 'తాగితే కాస్త నిలకడగా ఉంటుందే ఆదీ' అనేవాడు. నేను నమ్మలేదు." ఆమె చేట అంచు గట్టిగా పట్టుకుంది. "అరుగు మీదకి విస్తరి తోసి వచ్చేదాన్నమ్మాయ్. కుక్కకి పెట్టినట్టు పెట్టాను. ఒక్కరోజు, ఒక్కరోజైనా దగ్గర కూర్చుని కలిపి నోట్లో పెట్టలేదు."

బియ్యం నేల మీద ఒలికిపోయాయి. ఆమె వాటిని ఎత్తుతూ ఏడ్చింది, ఏడుస్తూ ఎత్తింది. హైమ పక్కన కూర్చుని తానూ ఏరింది.

మర్నాడు ఆదిలక్ష్మమ్మ అటక మీంచి భర్త పీట దింపించి, కడిగి, కుంపటి ముందు మౌళి పీట పక్కనే వేసింది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

హైమకి మాత్రం ఒక ఆశ మిగిలింది. ఆశ అంటే అదీ ఒక లెక్కే. తను సున్నా అనుకున్న చెయ్యి జబ్బు చెయ్యి. కాబట్టి పాత ఆటలో తూగు అంటే మౌళి చేతిని పోలిన చెయ్యి అని మాత్రమే. ధాత్రి తండ్రి దగ్గరే గిన్నె పట్టడం నేర్చింది. వేళ్ళ తీరు అతనిదే, నిలబడే తీరు అతనిదే. పోలిక వల్ల వచ్చి ఉండవచ్చు. జబ్బు వల్లనే వచ్చిందని ఎవరన్నారు? సున్నా సరిచేసి, ఆరోగ్యమైన చేతులతో కొలత కట్టి, ఆ రెప్పపాటు ఆగడాన్ని మాత్రమే పట్టుకునేలా ప్రోగ్రాము మార్చితే నిజం తెలిసిపోతుంది. ధాత్రి ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆడితే చాలు.

ఎస్తేరు గారికీ అలాంటిదే కావాలి. జబ్బు మొదలైందని ఇంత ముందుగా చెప్పే సాధనం లోకంలో లేదట. మందు కనిపెట్టేవాళ్ళకి దారి దొరుకుతుందట. అందుకని హైమ రెండు రకాలు చేసింది. జనం దగ్గరున్న ఆటలోంచి తూగును తీసేసింది. తన గొప్ప చేతిని చూసుకుని మురిసిపోతున్న ఎవరో తెలియని మనిషికి, బాబూ నీకు జబ్బుంది అని ఆట చేత చెప్పించడం ఆమె వల్ల కాలేదు. తూగు పోయిందని జనం దుమ్మెత్తి పోశారు. "ఆటకి ప్రాణం తీసేశారు" అని ఒకరు రాశారు. ఆ ఒక్క వాక్యానికి హైమ జవాబు రాయబోయి, రాయలేక మానేసింది.

రెండోది వార్డు కోసం. అందులో మామూలు చేతులన్నీ ఒకేలా, గుడి గంట చివరి మోతలా నిలకడగా పాడతాయి. జబ్బు చెయ్యి మాత్రమే తూగుతుంది. పాలిటెక్నిక్ పిల్లల చేతులు కొలిచి సున్నా కట్టింది. తన చెయ్యి పెట్టి చూసింది, నిలకడగా మోగింది. అత్తగారి చెయ్యి పెట్టి చూసింది. ఆ వయసు వణుకుతోనూ నిలకడగానే మోగింది.

మౌళి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇప్పుడతను కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడుతున్నాడు.

"హైమా, ఒక్క మాట అడుగుతాను, కాదనకు."

"ఏమిటండీ?"

"ధాత్రి చేతిని అడక్కు."

ఆమెకి కోపం వచ్చింది. అది కోపమో ఏడుపో. "తెలిస్తే జాగ్రత్త పడొచ్చు కదండీ! చదువు, పెళ్ళి..."

"ఏం జాగ్రత్త పడతావు? మందుందా?" అతని మాట అప్పటికే కొద్దిగా ముద్దగా వస్తోంది. "మా నాన్నని నలుగురిలో గిన్నె పట్టమన్నారు. ఆ గిన్నె ఆయన్ని చంపింది, జబ్బు కాదు. నా కూతురికి కూడా ఆ గిన్నేనా పెడతావ్? తెలిసిన మర్నాటి నుంచి నువ్వు దాన్ని చూసే చూపే మారిపోతుంది హైమా. అది ఏ గ్లాసు జారవిడిచినా నీ గుండె జారుతుంది. పిల్లకి తెలియకుండా ఉంటుందా?"

హైమ మాటిచ్చింది. అడగనంది. ఇచ్చిన మాట నిజంగానే ఇచ్చింది.

కాని ఆదివారం పొద్దున, డాక్టరుగారికి పంపే ముందు చివరిసారి సరిచూసుకుందామని వార్డు ఆటను హాల్లో టీవీకి తగిలించింది. అంతా బాగానే ఉంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. ఫోను టీవీ పక్కన అలాగే ఉండిపోయింది. మరిచిపోయిందో, చెయ్యే కావాలని వదిలేసిందో, ఆమె ఆ తర్వాత ఎన్నిసార్లు తనని తాను నిలదీసుకున్నా తేలలేదు.

"అమ్మా, కొత్తది రెడీ అయిందా! నాకు చెప్పనే లేదు!"

హైమ పాలగిన్నె దించకుండానే పరిగెత్తింది. ధాత్రి అప్పటికే హాలు మధ్యలో నిలబడింది. స్నానం చేసి తల ఆరబెట్టుకుంటోంది, తడి జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. ఫోను అరచేతిలో వెల్లకిలా ఉంది. నాలుక చివర బయటికి వచ్చింది.

వద్దని అరవాలి. అరవలేదు. గొంతు రాలేదని తర్వాత అనుకుంది. కాని గొంతు వచ్చేదే. టీవీ అందేంత దూరంలోనే ఉంది, నొక్కితే ఆగిపోయేది. ఆమె ఆ క్షణంలో తల్లి కూడా కాదు, చెవి మాత్రమే.

కొట్లోంచి మౌళి వచ్చాడు. టీవీ చూశాడు. హైమ మొహం చూశాడు. అంతే, అడుగులు తడబడుతున్నా గబగబా నడిచి, కూతురు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తన కుడిచేతిని ఆ పిల్ల చేతి కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ ఎడమచేత్తో దాచుకున్న చేతిని, బిడ్డ అరచేతి కింద పీటలా వేశాడు.

పడవ కదిలింది. తూగు మొదలైంది. జారింది, లేచింది, జారింది. గది నిండా అదే. హైమకి అర్థమైంది. ఇప్పుడు ఏం మోగినా అది మౌళిదే. ధాత్రిది అని చెప్పగలిగిన వాళ్ళెవరూ లేరు. నగ మీద రాగి కనపడకుండా బంగారు రేకు తొడిగే మనిషి, తన జబ్బుని తీసి కూతురి మీద కప్పాడు. ఆమె గోడకానుకుంది. ఈ మనిషి చేతిని తను సున్నా చేసి పెట్టుకోవడంలో తప్పేమీ లేదనిపించింది.

"నాన్నా, చెయ్యి తియ్యి. నేనొక్కదాన్నే ఆడతా."

"ఇద్దరం ఆడదాం తల్లీ."

"అబ్బా, నీ చెయ్యి ఊగుతోంది నాన్నా! దీపం ఆరిపోతుంది."

పిల్ల ఆ మాట తేలిగ్గానే అంది. పిల్లలు అంతే. మౌళి మొహం మీద మాత్రం వీధరుగు మీద కూర్చున్న కోదండాచారి మొహం వచ్చి కూర్చుంది. అతను చేతిని తీయలేదు. అదే జారింది. ఈ మధ్య అలా జారుతోంది. అనుకున్నంతసేపు ఉండటం లేదు. నేల మీద పడి, అక్కడే కొట్టుకుంది.

పడవ నీళ్ళ మధ్యలో ఉంది. ధాత్రి ఒక్కతే నిలబడి ఉంది. నిటారుగా, చక్కగా, చెయ్యి చాపుకుని. బయటి నుంచి చూస్తే రాతి బొమ్మ చేతికున్నంత నిలకడ.

శబ్దం నునుపుగా సాగింది. సాగింది. మౌళి కళ్ళు మూసుకున్నాడు.

జారింది. లేచింది.

"వచ్చింది! తూగొచ్చింది!" ధాత్రి దీపాన్ని అంచుకి చేర్చి ఎగిరి గంతేసింది. "నాన్న చెయ్యి లేకుండానే వచ్చింది! చూశావా అమ్మా? అచ్చం నాన్న చెయ్యే కదూ? చెప్పమ్మా!"

వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిన చప్పుడు వినపడింది. ఎవరూ వెళ్ళలేదు. ధాత్రి తల్లి మొహంలోకి చూస్తోంది. ఆ పిల్లకి కావలసింది అప్పుడు అన్న ఆ ఒక్క మాటే. మౌళి నేల మీంచే భార్యకేసి చూశాడు. చూపు మారనివ్వకు అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

హైమ నవ్వింది. జీవితంలో అంత బరువైన పని ఆమె ఇంకేదీ చెయ్యలేదు. అయినా నవ్వింది. రెండు చేతులూ ఎత్తి, అప్పటిలాగే, చప్పట్లు కొట్టింది.

"అవును తల్లీ. అచ్చం నాన్న చెయ్యే."

ఆదిలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. తూగు అంటే ఏమిటో ఇప్పుడామెకీ తెలుసు. లోపలికి వెళ్ళి గుప్పెట నిండా ఉప్పు పట్టుకొచ్చింది. మనవరాలి చుట్టూ తిప్పింది. నేల మీద కూర్చున్న కొడుకు చుట్టూ తిప్పింది. తర్వాత కొట్లోకి నడిచి, కుంపటి ముందున్న ఆ ఖాళీ పీట చుట్టూ కూడా మూడుసార్లు తిప్పి, ఉప్పుని నిప్పుల్లో వేసింది.